వస్తువుల ప్రభావం: వివిధ శాస్త్రాల్లో అధ్యయనం

మనిషి చేసిన వస్తువు తిరిగి మనిషిని ఏం చేస్తుందో తేల్చడానికి ప్రత్యేకంగా ఒక శాస్త్రమంటూ లేదు. పురావస్తు శాస్త్రం, మానవ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, సాంకేతిక చరిత్ర, అర్థశాస్త్రం, ప్రజారోగ్యం, పర్యావరణ శాస్త్రం ఎవరి దారిన అవి ఈ పని చేస్తూ వచ్చాయి. నాగలినే తీసుకుంటే, రాజస్థాన్‌లోని కాళీబంగన్‌లో తవ్వకాలు జరిపినవారికి అది హరప్పా పూర్వకాలపు నేలలో మిగిలిన చాళ్ల గుర్తు. అర్థశాస్త్రవేత్తకు అది ఆడవాళ్లు పొలం పనిలోకి ఎందుకు తక్కువగా వచ్చారో చెప్పగల కారణం. చరిత్రకారుడికి అది భూస్వామ్యానికి ఒక పునాది. వస్తువు ఒక్కటే అయినా ప్రభావం అన్న మాటకు ముగ్గురి అర్థాలూ వేరు.

అయితే వీళ్లందరినీ సతాయించే చిక్కు ఒకటే. ఆ వస్తువు లేకపోయి ఉంటే ఏం జరిగేది? ఫ్రిజ్ ఉన్న ఇంటికి, లేని ఇంటికి మధ్య తేడా కనిపించినంత మాత్రాన అది ఫ్రిజ్ తెచ్చిన తేడా కాదు. ఫ్రిజ్ కొనగలిగిన ఇంటికి అంతకుముందే జీతమో, కరెంటో, పట్నం దారో ఉండి ఉంటుంది. వస్తువు చేసిన పనిని, దాన్ని సంపాదించుకున్న మనిషి స్థితిగతుల నుంచి విడదీయడమే ఈ అధ్యయనాల్లో అసలు కష్టం. దాన్ని దాటడానికి ఒక్కో రంగం ఒక్కో ఉపాయం కనిపెట్టింది. వాటిలో కొన్ని గట్టివి, కొన్ని పైకి బాగా కనిపించి దగ్గరికి వెళితే విరిగిపోయేవి.

అరుగుదల చెప్పే సాక్ష్యం

వాడినవాళ్లు ఎవరూ మిగలని చోట వస్తువునే అడగాలి. పురావస్తు శాస్త్రం మొదట్లో వస్తువులను కాలాన్ని కొలిచే గజంబద్దగా వాడుకుంది. డెన్మార్క్ మ్యూజియం అధికారి క్రిస్టియన్ థామ్సన్ 1836లో అచ్చువేసిన పుస్తకంలో రాతి, కంచు, ఇనుప యుగాల విభజన స్థిరపడింది. భారతదేశంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో ఒక రాతి పనిముట్టును గుర్తించినప్పుడు, ఈ నేల మీద మనిషి ఎంత పాతవాడన్న అంచనాయే మారిపోయింది. ఆ రాతిని దేనికి వాడారన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఊహకే మిగిలింది. ఆకారాన్ని బట్టి గొడ్డలి, గీకుడు రాయి, సూది అని పేర్లు పెట్టేవారు.

ఆ ఊహను పరీక్షకు పెట్టినవాడు లెనిన్‌గ్రాడ్‌లో పనిచేసిన సెర్గేయ్ సెమ్యోనోవ్. ఆయన 1957లో ప్రచురించిన గ్రంథం 1964లో ఇంగ్లిషులోకి వచ్చాక ప్రపంచమంతా చదివింది. ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. కొత్తగా రాతి పనిముట్లు చెక్కి, ఒకదానితో చర్మం గీకి, ఒకదానితో కొయ్య కోసి, మరొకదానితో గడ్డి కోసి, ఆ అంచులను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పాత పనిముట్ల అంచులతో పోల్చాలి. పైరు కోసిన రాతి బ్లేడు అంచు మీద నూనె రాసినట్టు ఒక మెరుగు తేలుతుంది. గడ్డిజాతి కాడల్లో ఉండే సిలికా దాన్ని అలా నునుపు చేస్తుంది. వరి గడ్డిని ఒట్టి చేత్తో దూసినవాళ్లకు ఆ సిలికా పదును కొత్తగా చెప్పనక్కర్లేదు. మెరుగు ఏ వైపుకు సాగిందో చూస్తే చెయ్యి ఎటు కదిలిందో కూడా తెలుస్తుంది.

అరుగుదలను ఇలా చదవడం ఎంతవరకు నమ్మదగిందో తేల్చడానికి 1970ల్లో లారెన్స్ కీలీ, మార్క్ న్యూకమర్ ఒక పందెం లాంటి పరీక్ష పెట్టుకున్నారు. న్యూకమర్ పనిముట్లు చేసి, వాడి, దేనికి వాడాడో చెప్పకుండా ఇచ్చాడు. కీలీ అరుగుదల చూసి చెప్పాలి. పనిముట్టులో ఏ భాగం వాడారో చాలావరకు సరిగ్గా చెప్పగలిగాడు. కదలిక విషయంలో కొంచెం తగ్గాడు. ఏ పదార్థం మీద వాడారన్న దగ్గర ఇంకా తగ్గాడు. తమ పద్ధతి ఎక్కడ తడబడుతుందో ఇలా బయటపెట్టుకున్న రంగాలు తక్కువ.

చిన్న వస్తువు నుంచి పెద్ద చరిత్రను లాగడంలో ఉన్న ప్రమాదం గుర్రపు రికాబు కథలో కనిపిస్తుంది. లిన్ వైట్ 1962లో ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చాడు. రికాబు వచ్చాక రౌతు జీను మీద నిలదొక్కుకుని ఈటెతో గుర్రం బలమంతా కలిపి పొడవగలిగాడు. అలాంటి రౌతులను పోషించడానికి రాజులు భూములు పంచారు. ఆ పంపకం నుంచే యూరప్‌లో భూస్వామ్య వ్యవస్థ పుట్టింది. కాలి కింది ఇనుప కడియం నుంచి ఒక సమాజం మొత్తం లేచి నిలబడిందన్నమాట. మరుసటి ఏడాదే పీటర్ సాయర్, రోడ్నీ హిల్టన్ దీన్ని తూర్పారబట్టారు. రికాబు ఉన్న ప్రతిచోటా భూస్వామ్యం రాలేదని, భూముల పంపకానికి వేరే కారణాలు కనిపిస్తున్నాయని వాదించారు. వస్తువే సమాజం తీరును నిర్ణయిస్తుందనే సాంకేతిక నిర్ణయవాదం మాట వచ్చినప్పుడల్లా ఈ వివాదాన్నే ఇప్పటికీ ఉదహరిస్తారు. సిద్ధాంతం నిలవకపోయినా చెప్పిన తీరు అందంగా ఉండటంతో పాఠ్యపుస్తకాలు దాన్ని వదలలేదు.

చేతులు మారే వస్తువులు

మానవ శాస్త్రం వస్తువును దాని వాడకంలో కాక అది నడిచిన దారిలో చూస్తుంది. న్యూగినీకి తూర్పున ఉన్న ట్రోబ్రియాండ్ దీవుల గురించి బ్రోనిస్లా మలినోవ్‌స్కీ 1922లో రాసిన గ్రంథం ఈ చూపుకు మూలం. అక్కడ కులా అనే మార్పిడిలో ఎర్రని గవ్వల హారాలు దీవుల చుట్టూ గడియారపు ముల్లు దిక్కున, తెల్లని గవ్వల కంకణాలు ఎదురు దిక్కున తిరుగుతుంటాయి. వాటిని ఎవరూ ఎక్కువ కాలం దాచుకోరు. రోజూ ధరించడానికి కూడా అవి పెద్దగా పనికిరావు. అయినా వాటికోసం పడవలు కట్టి ప్రమాదకరమైన సముద్రం దాటుతారు. హారం ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ పేర్లే దాని విలువ. మార్సెల్ మోస్ 1925లో ఇలాంటి సమాచారాన్ని కూడగట్టి, కానుక వెంట ఇచ్చినవాడిలో ఒక భాగం పోతుందని, అందుకే దాన్ని తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత వెంటాడుతుందని వాదించాడు. పెళ్లిలో చదివింపులు నోటు పుస్తకంలో రాసి, అవతలి ఇంట పెళ్లికి ఆ పుస్తకం తీసి చూసుకునే తెలుగు ఇళ్లకు మోస్ వాదన వింతగా తోచదు.

1986లో అర్జున్ అప్పాదురై సంపాదకత్వంలో వెలువడిన సంకలనం ఈ ఆలోచనను సరుకుల ప్రపంచంలోకి తెచ్చింది. అందులో ఇగోర్ కోపిటాఫ్ మనుషులకు రాసినట్టే వస్తువులకూ జీవిత చరిత్ర రాయవచ్చని ప్రతిపాదించాడు. అంగట్లో సరుకుగా ఉన్నది ఇంటికొచ్చి సొంతమవుతుంది, తాకట్టుకు వెళ్లి మళ్లీ సరుకవుతుంది, తాతల నాటిదయ్యాక అమ్మరానిదవుతుంది. ఒకే వస్తువు దశను బట్టి వేర్వేరు ప్రభావాలు చూపుతుంది.

ఆల్‌ఫ్రెడ్ గెల్ ఇంకో అడుగు వేశాడు. ఆయన మరణించిన తర్వాత 1998లో వెలువడిన పుస్తకంలో కళావస్తువును అర్థం మోసే గుర్తుగా కాక, పని చేసే కర్తగా చూడాలన్నాడు. నడిరోడ్డు మీద కారు ఆగిపోతే దాని మీద కోపం తెచ్చుకోవడం ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. దసరాకు బండికి బొట్టు పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లు ఆ మాట ఎప్పటినుంచో చేతల్లో చెబుతున్నారు. విగ్రహంతో భక్తుడు చూపు కలపడం కూడా గెల్ చర్చలో ముఖ్యమైన ఉదాహరణే. ఈ ప్రశ్నను న్యాయశాస్త్రం తన పద్ధతిలో ముందే ఎదుర్కొంది. దేవతా విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తి అని ప్రివీ కౌన్సిల్ 1925లో ప్రమథనాథ్ మల్లిక్ కేసులో అంగీకరించింది. తమిళనాడులోని పత్తూరులో బయటపడి లండన్ చేరిన కంచు నటరాజు కేసులో శిథిలమైన ఆలయం పక్షాన దావా నడిచింది. 1991లో అక్కడి అప్పీలు కోర్టు భారతదేశం పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ విగ్రహం పత్తూరుదే అని నిరూపించడానికి దానికి అంటుకున్న మట్టిని కూడా నిపుణులు పరీక్షించారు.

రోజువారీ వస్తువుల మీద ఎక్కువ పని చేసింది లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డేనియల్ మిల్లర్. ముకులికా బెనర్జీతో కలిసి 2003లో చీర మీద ఆయన రాసిన పుస్తకం మంచి నమూనా. కుట్టిన బట్ట ఒకసారి తొడుక్కుంటే పని అయిపోతుంది. చీర అలా కాదు. కట్టుకున్నంతసేపూ చెయ్యి దాన్ని చూసుకుంటూనే ఉండాలి. కొంగు జారుతుంది, సర్దుకోవాలి. అదే కొంగుతో పిల్లవాడి మూతి తుడుస్తారు, వేడి గిన్నె దించుతారు, ఎండకు నెత్తిన కప్పుకుంటారు, పెద్దవాళ్ల ముందు భుజం నిండా లాక్కుంటారు. కొత్తగా చీర కట్టడం నేర్చుకుంటున్న అమ్మాయి నడక, కూర్చునే తీరు, మెట్లెక్కే తీరు మారతాయి. బట్ట మనిషిని తయారుచేస్తుందన్న మాట ఇక్కడ అలంకారం కాదు, కళ్లతో చూసి నమోదు చేసిన విషయం. ఈ పద్ధతి బలం దగ్గరితనం. లోపం కూడా అక్కడే ఉంది. ఇన్ని ఇళ్లలో చూసినది అన్ని ఇళ్లకూ వర్తిస్తుందా అన్న ప్రశ్నకు అది జవాబివ్వదు.

ప్రయోగశాలలో వస్తువు

వస్తువు లేకపోయి ఉంటే ఏం జరిగేదన్న చిక్కును మనస్తత్వ శాస్త్రం సులువుగా దాటుతుంది. ఒక గుంపు ముందు వస్తువు పెడుతుంది, ఇంకో గుంపు ముందు పెట్టదు. కార్ల్ డంకర్ కొవ్వొత్తి సమస్య దీనికి పాత ఉదాహరణ. బల్ల మీద ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పెట్టె నిండా బోర్డు పిన్నులు ఉంటాయి. కొవ్వొత్తిని గోడకు నిలిపి వెలిగించాలి. పెట్టెను ఖాళీ చేసి, పిన్నులతో గోడకు గుచ్చి, దాని మీద కొవ్వొత్తి నిలపడం జవాబు. పిన్నులు పెట్టెలో ఉన్నప్పుడు ఈ జవాబు చాలామందికి తట్టలేదు. పెట్టెను ఖాళీగా పక్కన పెట్టి ఇస్తే ఎక్కువమందికి తట్టింది. పిన్నులున్నంతసేపూ అది పిన్నుల డబ్బాగానే కనిపించింది తప్ప పీటగా కనిపించలేదు. మార్చింది పెట్టెను కాదు, దాన్ని బల్ల మీద ఉంచిన తీరును.

జేమ్స్ గిబ్సన్ 1979 నాటి గ్రంథంలో దీనికి మరో కోణం ఇచ్చాడు. ఆయన ప్రకారం మనిషి కంటికి కనిపించేది వస్తువు రంగూ ఆకారమూ మాత్రమే కాదు, అది ఏ పనికి ఆస్కారమిస్తుందో కూడా. మోకాలెత్తు అరుగు పెద్దవాడికి కూర్చోవడానికి ఆస్కారం, పాకే బిడ్డకు అడ్డుగోడ. ఆస్కారం వస్తువులోనూ లేదు, మనిషిలోనూ లేదు, రెండింటి కొలతల మధ్య ఉంది. డొనాల్డ్ నార్మన్ 1988లో దీన్ని డిజైన్ రంగానికి తెచ్చాడు. లాగమన్నట్టు పిడి పెట్టి నెట్టితే తప్ప తెరుచుకోని తలుపు ముందు తెల్లబోయేవాడిది తప్పు కాదు, తలుపుదే తప్పు అన్నది ఆయన సూత్రం. ఇప్పుడు సెల్‌ఫోన్ తెర మీది ప్రతి బొత్తాం వెనకా ఈ ఇద్దరి ఆలోచన ఉంది.

సొంతం కావడం వల్ల వస్తువు విలువ మారుతుందన్నది ఇంకో దారి. కానమన్, నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో సగం మంది విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, మిగతావాళ్లకు అమ్ముకోవచ్చన్నారు. నిమిషాల కిందట చేతికొచ్చిన కప్పుకు దక్కించుకున్నవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. ఎవరికి కప్పు వస్తుందో అదృష్టం కనుక, ఆ తేడాకు సొంతమన్న భావన తప్ప వేరే కారణం చూపడం కష్టం. బాల్యంలో ఇదే బంధం ఎలా మొదలవుతుందో డొనాల్డ్ వినికాట్ 1950ల మొదట్లో వివరించాడు. పసివాడు వదలని పాత దుప్పటి ముక్క తల్లికీ బయటి లోకానికీ మధ్య వంతెన అని ఆయన భావించాడు. ఉతికితే ఆ వాసన పోతుందని పిల్లలు ఏడవడం ఏ ఇంట్లోనైనా చూసేదే. పెద్దయ్యాక ఏం మిగులుతుందో చిక్సెంట్‌మిహాయి, రోచ్‌బర్గ్-హాల్టన్ చికాగో కుటుంబాల్లో మూడు తరాలను అడిగి 1981లో ప్రచురించారు. చిన్నవాళ్లు ఎక్కువగా పాటల పెట్టెలను, తాతలూ అమ్మమ్మలూ ఫొటోలను తమకు ముఖ్యమైనవిగా చెప్పారు.

ప్రయోగశాల ఫలితాలన్నీ ఇంత నిలకడగా లేవు. 1967లో లెనార్డ్ బర్కోవిట్జ్, ఆంథనీ లెపేజ్ కోపం తెప్పించిన విద్యార్థుల ముందు తుపాకులు ఉంచినప్పుడు వాళ్లు ఎదుటివాడికి ఎక్కువ విద్యుత్ షాకులు ఇచ్చారని చూపారు. ఆయుధాన్ని చూడటమే చెయ్యిని దురుసు చేస్తుందన్న ఈ వాదన చాలా ప్రసిద్ధమైంది. తర్వాత చేసిన ప్రయోగాల్లో అది కొన్నిసార్లు కనిపించింది, కొన్నిసార్లు కనిపించలేదు. స్మార్ట్‌ఫోన్ బల్ల మీద ఉంటే చాలు, ముట్టుకోకపోయినా బుర్ర మందగిస్తుందని 2017లో వెలువడిన అధ్యయనానిదీ అదే గతి. పత్రికల శీర్షికలకు ఇలాంటివి బాగా కుదురుతాయి. మళ్లీ చేసి చూసిన ప్రయోగాలు మాత్రం శీర్షికలకు ఎక్కవు.

యంత్రాల రాజకీయం

వస్తువు ఎవరి పక్షాన ఉందని అడిగేది సాంకేతిక సమాజ శాస్త్రం. లాంగ్డన్ విన్నర్ 1980 నాటి వ్యాసంలో రెండు ఉదాహరణలు ప్రధానం. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్ రోడ్ల మీద రాబర్ట్ మోజెస్ కట్టించిన వంతెనలు బస్సులు పట్టనంత తక్కువ ఎత్తులో ఉన్నాయని, బస్సుల్లో తిరిగే పేదలూ నల్లజాతివారూ సముద్రతీరానికి రాకుండా అవి ఆపాయని విన్నర్ రాశాడు. 1999లో బెర్న్‌వార్డ్ యోర్గెస్ ఈ కథను తిరగదోడి, ఆ రోడ్ల మీద వాణిజ్య వాహనాలకు అసలే అనుమతి లేదనీ, వంతెన ఎత్తుకే అంత దురుద్దేశం అంటగట్టలేమనీ వాదించాడు.

రెండో ఉదాహరణ గట్టిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టమాటా కోత యంత్రాన్ని తయారుచేశారు. యంత్రం దెబ్బలకు చితకకుండా గట్టి తొక్క ఉన్న రకాలను పెంచాల్సి వచ్చింది. అవి రుచి తక్కువ. యంత్రం ఖరీదు చిన్న రైతుకు అందనిది. 1960ల మొదట్లో దాదాపు 4,000 మంది ఉన్న టమాటా రైతులు 1973 నాటికి సుమారు 600కు తగ్గారని విన్నర్ లెక్క చెప్పాడు. ఎవరూ కుట్ర చేయలేదు. యంత్రం కొలతకు పంటా, పొలమూ, రైతూ ఒదగాల్సి వచ్చింది. కృష్ణా, గోదావరి, తుంగభద్ర ఆయకట్టుల్లో వరి కోత యంత్రం దిగాక కూలి వెతుకులాట తగ్గినా, ముక్కలై చెల్లాచెదురైన గడ్డి పశువుల మేతకు పనికిరావడం లేదన్న రైతుల మాట ఈ కోవలోదే.

బ్రూనో లాటూర్ వస్తువులను మనుషుల పక్కన సమాన పాత్రధారులుగా నిలబెట్టాడు. హోటల్ తాళంచెవిని వెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్లండని యజమాని నోటితో చెబితే కొందరే వింటారు. బోర్డు పెడితే ఇంకొందరు వింటారు. చెవికి బరువైన ఇనుప గుండు కట్టాడంటే జేబులో మోయలేక అందరూ కౌంటర్లో పడేసి వెళతారు. మర్యాద చేయలేని పని బరువు చేసింది. స్పీడ్ బ్రేకర్ కూడా అంతే. పిల్లల మీద దయతో కాకపోయినా బండి విరుగుతుందన్న భయంతో డ్రైవరు నెమ్మదిస్తాడు. వస్తువుకు ఉద్దేశం ఉంటుందా అని విమర్శకులు అడిగారు. లాటూర్ చెప్పింది ఉద్దేశం గురించి కాదు, వస్తువు తెచ్చే తేడా గురించి.

ఇంటి పనిముట్ల మీద రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన చరిత్ర ఈ రంగంలో ఎక్కువగా చదవదగిన పుస్తకం. అమెరికా ఇళ్లలోకి వాషింగ్ మెషీన్, గ్యాస్ పొయ్యి, వాక్యూమ్ క్లీనర్ వచ్చాక గృహిణి పనిగంటలు అనుకున్నట్టు తగ్గలేదని ఆమె చూపింది. బట్టలు ఉతకడం తేలికైనకొద్దీ రోజూ ఉతికిన బట్టలు కట్టడం మర్యాద అయింది. అంతకుముందు కట్టెలు కొట్టిన మగవాడి పని, చాకలి పని, పిల్లల పని యంత్రాలతో పోయి, మిగిలిన పనంతా ఒక్క మనిషి మీద పడింది. రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చిన వంటింట్లో ఇడ్లీ పండగ వంటకం నుంచి రోజువారీ టిఫినుగా మారడాన్ని ఈ లెక్కతోనే చూడాలి.

లెక్కల్లో పట్టుకోవడం

అర్థశాస్త్రం ఇదే ప్రశ్నను అంకెలతో అడుగుతుంది. ఎస్టర్ బోసరప్ 1970లో నాగలి సేద్యం ఉన్నచోట పొలం పని మగవాళ్ల చేతికి పోయిందని, తొలిక పారతో చేసే సేద్యంలో ఆడవాళ్ల పాలు ఎక్కువని ప్రతిపాదించింది. నాగలి పట్టడానికి భుజబలం కావాలి, ఎద్దులను అదుపు చేయాలి, పాలిచ్చే తల్లి బిడ్డను పక్కన పెట్టుకుని చేసే పని కాదు. అలెసీనా, జూలియానో, నన్ 2013లో దీన్ని పరీక్షించారు. పూర్వీకులు నాగలి వాడిన సమాజాల్లో ఇప్పటికీ ఆడవాళ్లు ఉద్యోగాల్లో తక్కువగా ఉన్నారని వాళ్ల లెక్క తేల్చింది. ఆడవాళ్లను ఇంట్లో ఉంచాలనుకున్నవాళ్లే నాగలిని ఎంచుకున్నారేమో అన్న సందేహానికి వాళ్లు నేలను సాక్ష్యానికి పిలిచారు. గోధుమ, బార్లీకి అనువైన నేలలు నాగలిని కోరతాయి, జొన్న, సజ్జకు అనువైనవి అంతగా కోరవు. నేల తీరును ఎవరూ ఎంచుకోరు కదా. నాగలి నేలల నుంచి వలస వెళ్లినవాళ్ల పిల్లల్లో కూడా ఆ ధోరణి కనిపించింది. నేల మారింది, నాగలి పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. తెలుగు నేల మీద జొన్న, సజ్జ పండినా నాగలి వాడారు. ఇక్కడ దున్నకం మగవాళ్లది, నాటూ కలుపూ ఆడవాళ్లవి. మొత్తం మీద తేలిన సూత్రం ఒక్కో ప్రాంతానికి అతికినట్టు సరిపోదు.

సహజంగా జరిగిన మార్పునే ప్రయోగంగా వాడుకోవడానికి రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన కేరళ అధ్యయనం ప్రసిద్ధం. సెల్‌ఫోన్ సిగ్నల్ 1997లో మొదట కోజికోడ్ తీరానికి, తర్వాత కన్నూరుకు, చివరికి కాసరగోడ్‌కు వచ్చింది. అంతకుముందు కవళ్లు, అంటే సార్డీన్ చేపలు, పట్టిన పడవ ఏదో ఒక రేవుకు రావాల్సిందే. అక్కడ కొనేవాడు లేకపోతే చేపను సముద్రంలో పారబోయాల్సిందే. అదే పొద్దున కొన్ని మైళ్ల అవతలి రేవులో చేప దొరక్క వ్యాపారులు వెనుదిరిగేవారు. రోజూ పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం ఇలా వృథా అయ్యేది. సముద్రం మీద నుంచే నాలుగు రేవులకు ఫోన్ చేసి ధర అడగడం మొదలయ్యాక ఆ వృథా దాదాపు పోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగి, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. మూడు ప్రాంతాలకు వేర్వేరు తేదీల్లో సిగ్నల్ రావడం వల్లే ఈ మాట ధైర్యంగా చెప్పగలిగారు. తర్వాత అక్కడికి వెళ్లిన పరిశోధకులు, అప్పిచ్చిన వ్యాపారికే చేప అమ్మాల్సిన జాలరికి ఫోన్ ఉన్నా బేరమాడే స్వేచ్ఛ ఉండదని గమనించారు.

ఆరోగ్యం: పంపు పిడి, పాత చీర, పొగ పొయ్యి

వస్తువు ప్రభావం ప్రాణాల మీదికి వచ్చే చోట ప్రజారోగ్య శాస్త్రం ఉంది. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో మరణాలన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఉన్నాయని చూపాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. పిడి తీయగానే కలరా ఆగిందని కథగా చెప్పుకుంటారు. అప్పటికే జనం ఊరు వదిలి పోవడంతో కలరా తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా రాశాడు. అసలు గట్టి సాక్ష్యం ఆయన దక్షిణ లండన్‌లో సేకరించినది. అక్కడ రెండు నీటి కంపెనీల గొట్టాలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకు నీళ్లిచ్చేవి. ఒక కంపెనీ 1852లో తాను నీళ్లు తోడే చోటును థేమ్స్ నది ఎగువకు మార్చుకుంది, రెండోది మురుగు కలిసే చోటే ఉండిపోయింది. ఇంటి గొట్టం ఎవరిదన్న తేడా తప్ప ఇరుగుపొరుగుల మధ్య వేరే తేడా లేదు. చావుల్లో తేడా మాత్రం చాలా ఉంది.

కలరా మీదే ఇంకో వస్తువు కథ బంగ్లాదేశ్‌ది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మ జంతువుల ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయని రీటా కాల్వెల్ బృందం గుర్తించింది. ఆ జంతువులు క్రిమి కంటే చాలా పెద్దవి కనుక వాటిని గుడ్డతో వడకట్టవచ్చు. కొత్త చీర కంటే పాత చీర మేలు. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని సందులను పూడుస్తాయి. దాన్ని నాలుగు మడతలు వేస్తే రంధ్రం సుమారు 20 మైక్రాన్లకు దిగుతుంది. బిందె మూతికి ఆ మడత కట్టి, చెరువు నీళ్లు పోసి, తర్వాత గుడ్డను జాడించి ఎండలో ఆరేయాలి. 65 గ్రామాల్లో సుమారు 1,33,000 మంది మీద జరిపిన పరీక్షలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, ఎవరూ గుర్తుచేయకపోయినా 31 శాతం ఆడవాళ్లు ఇంకా వడకట్టుకుంటున్నారు. ఆ వస్తువు వాళ్లకు కొత్తది కాదు, కొనాల్సినదీ కాదు.

పొయ్యి కథ దీనికి తిరగబడినట్టుగా నడిచింది. ఒడిశాలో రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ పొగగొట్టం ఉన్న మెరుగైన మట్టి పొయ్యిలను లాటరీ పద్ధతిలో ఇళ్లకు కేటాయించి నాలుగేళ్లు వెంట తిరిగారు. ప్రయోగశాలలో ఈ రకం పొయ్యిలు పొగను బాగా తగ్గిస్తాయి. ఊళ్లో మొదటి ఏడాది వంట చేసేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ తేడా కరిగిపోయింది. ఆరోగ్యంలో మార్పు కనిపించలేదు, కట్టెల ఖర్చూ తగ్గలేదు. మట్టి పొయ్యి పగుళ్లిస్తే మెత్తలేదు, పొగగొట్టంలో పేరుకున్న మసి తీయలేదు, పక్కన పాత పొయ్యి కూడా రాజుకుంటూనే ఉంది. పొయ్యి పనితనం పొయ్యిలోనే లేదు, దాన్ని అలికే చేతిలోనూ ఉంది. మొదటి ఏడాదితో ఆపేసి ఉంటే ఈ అధ్యయనం విజయగాథగా అచ్చయ్యేది.

ధర కూడా వస్తువులో భాగమేనని కెన్యాలో జెస్సికా కోహెన్, పాస్కలీన్ డుపా 2010లో చూపారు. ఉచితంగా ఇచ్చినది జనం విలువగా చూడరన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. గర్భిణులకు దోమతెరలను కొన్ని ఆసుపత్రుల్లో ఉచితంగా, కొన్నింట్లో రకరకాల ధరలకు ఇచ్చారు. 60 సెంట్ల ధర పెట్టగానే తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్ల మేర తగ్గారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు డబ్బిచ్చి కొన్నవాళ్లతో సమానంగానే మంచానికి కట్టుకున్నారు.

పుట్టుక నుంచి చెత్తకుప్ప దాకా

ఇంతవరకు చెప్పిన రంగాలు వస్తువును వాడే చోట చూస్తే, పర్యావరణ శాస్త్రం దాని మొత్తం ఆయుష్షును లెక్కేస్తుంది. ముడిసరుకు తవ్వకం నుంచి తయారీ, రవాణా, వాడకం, పారవేత దాకా ప్రతి దశలో పట్టిన నీరు, ఇంధనం, వదిలిన విషాలు కూడతారు. దీన్ని జీవితచక్ర మదింపు అంటారు. 1969లో కోకాకోలా సంస్థ తన సీసాల విషయంలో చేయించుకున్న లెక్క దీనికి తొలి నమూనాల్లో ఒకటి. 1997లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ పద్ధతికి ఐఎస్ఓ 14040 పేరుతో నియమాలు ప్రకటించింది.

ఈ లెక్క ఏం చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయమే జవాబును సగం రాసేస్తుంది. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ వెలువరించిన సంచుల మదింపు ప్రకారం, మామూలు పత్తి సంచి అన్ని కొలమానాల్లోనూ దుకాణపు ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే దాన్ని 7,100 సార్లు, సేంద్రియ పత్తి సంచినైతే 20,000 సార్లు వాడాలి. రోజుకొకసారి వాడితే మొదటి సంఖ్యకు పందొమ్మిదేళ్లు దాటుతుంది. ఈ అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. ఓజోన్ పొర నష్టం లాంటి ఒక్క కొలమానమే ఆ సంఖ్యలను అంత ఎత్తుకు నెట్టిందని, వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే సంఖ్యలు బాగా తగ్గుతాయని నివేదికలోనే ఉంది. సంచులు చెత్తగా రోడ్డున పడటం వల్ల కలిగే హాని ఆ లెక్కలోకి రాలేదు. సేకరణ పక్కాగా జరిగి చెత్త కాల్చే కేంద్రాలకు చేరే డెన్మార్క్‌లో అది పెద్ద లోపం కాకపోవచ్చు. మురుగు కాలువలో ఇరుక్కుని వానకు వీధిని ముంచే సంచి, ఆవు కడుపులోంచి కిలోల లెక్కన తీసే సంచి ఉన్నచోట లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.